పక్కింటి తాతగారి పాత రీలోడింగ్ ప్రెస్: రామ్ గరగరమంటోంది, సైజింగ్ నిలకడగా రావట్లేదు

డాలస్_కొండపల్లి (ఫ్రిస్కో, టెక్సస్), శనివారం ఉదయం 9.10

అందరికీ నమస్కారం. మా పక్కింటి తాతగారు పోయిన డిసెంబరులో కాలం చేశారు. రైఫిల్ భుజానికి ఎలా ఆనించాలో, కాల్చిన ఇత్తడి కేసుని మళ్ళీ తూటాగా ఎలా చేసుకోవాలో నాకు నేర్పింది ఆయనే. నెల తిరిగాక వాళ్ళావిడ పిలిచి, గరాజ్‌లో బెంచీకి బిగించి ఉన్న రీలోడింగ్ ప్రెస్‌ని (ఆ పని చేసే లీవరు యంత్రం) తీసుకెళ్ళమన్నారు. "అమ్మేస్తే ఎవరింటికో పోతుంది, నీ దగ్గరుంటే దాని చప్పుడైనా వినబడుతుంది" అన్నారు. అందుకని, దీన్ని పక్కన పడేసి కొత్తది కొనుక్కో అనే సలహా మాత్రం దయచేసి ఇవ్వకండి.

పోత ఇనుముది, 'O' అక్షరం ఆకారపు ఫ్రేము, సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే పని చేసేది). వయసు నలభై ఏళ్ళు దాటింది. ఆయన చివరి నాలుగేళ్ళూ మంచం మీదే ఉన్నారు, దీని మీద నూనె చుక్క పడలేదు. బెంచీ అంచున మాస్కింగ్ టేపు మీద "నూనె, ప్రతి నెలా ఒకటో తారీఖు" అని ఆయన పెన్సిలుతో ఇంగ్లీషులో రాసుకున్నది ఇంకా ఉంది.

నేను చేసేది 308 విన్‌చెస్టర్ రకం తూటా ఒక్కటే. బోల్ట్ యాక్షన్ రైఫిల్, రేంజ్‌లో కాగితం మీద కాల్చడానికి. ఇప్పుడు ఇబ్బందులు మూడు. హ్యాండిల్ కిందికి లాగుతుంటే సగం దారిలో రామ్ (కేసుని పైకి తోసే ఉక్కు కడ్డీ) గరగరమంటుంది, అన్నంలో ఇసుక పంటి కింద పడ్డట్టు. సైజింగ్ (కాల్చాక ఉబ్బిన కేసుని డై అనే అచ్చులోకి తోసి మళ్ళీ కొలతకి తేవడం) అయ్యాక కేసు భుజం (మెడ కింది ఏటవాలు భాగం) దగ్గర కొలిస్తే ఒకదానికీ ఇంకోదానికీ ఐదారు థౌల తేడా వస్తోంది (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). ఇక పదింట్లో ఒకటి రెండు ప్రైమర్లు (కేసు అడుగున కూర్చుని తూటాలోని మందుకి నిప్పంటించే చిన్న మూతలు) పూర్తిగా కూర్చోకుండా కేసు అడుగు మట్టం కంటే పైకే ఉండిపోతున్నాయి. అన్నిటికంటే భయపెడుతున్నది ఇదే. అలాంటివి పక్కన పెట్టేశాను. రామ్ అరిగిపోయిందా?

షిప్‌యార్డ్_ఫిట్టర్ (వైజాగ్, ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర కొలంబస్‌లో), శనివారం 10.45

బాబూ, నాకు తుపాకీల సంగతి తెలీదు. ముప్పై రెండేళ్ళు మెషిన్ షాపులో చేశాను, కాబట్టి రామ్, బోరు, పిన్నుల గురించి చెప్పగలను. నువ్వు చెప్పేది లీవరుతో నడిచే ఆర్బర్ ప్రెస్ లాంటిదే. లింకులు రామ్‌ని ముందుకీ వెనక్కీ తోస్తాయి గనక బోరు (రామ్ నడిచే రంధ్రం) గుండ్రంగా అరగదు, ఆ దిశలోనే కోలగా అరుగుతుంది. డయల్ గేజ్ మ్యాగ్నెటిక్ స్టాండ్ మీద పెట్టి, రామ్ పైకి లేపి, చేత్తో ముందుకీ వెనక్కీ కదిపి ఆట ఎంతుందో చూడు. తర్వాత పక్కలకి చూడు. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయి. ఆట ఎక్కువుంటే బోరు రీమింగ్ చేసి (కోసి పెద్దది చేసి) లోపల కంచు బుష్ (గొట్టం) వేయించేద్దాం. ఒక పూట పని.

ఎడారి_శ్రీను (ఫీనిక్స్), శనివారం 11.30

గురువు గారూ, మీ అనుభవానికి దండం. కానీ బుష్ దాకా ఇప్పుడే వెళ్ళొద్దు. లేత్ చక్‌లో పట్టిన పనికీ ఇక్కడి పనికీ ఒక తేడా ఉంది. కేసు షెల్ హోల్డర్‌లో (రామ్ తల మీద కేసు అడుగుని పట్టే ముక్క) బిగిసి ఉండదు, గాడిలో కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. రామ్ పైకి తెచ్చిన కేసుని డై తన నోట్లోకి లాక్కుని తానే మధ్యకు తెచ్చుకుంటుంది. రామ్‌లో కొద్దిపాటి ఆట ఉన్నా కేసు తిన్నగానే వస్తుంది.

కొండపల్లి గారూ, మీరు ముందు బెంచీ చూడండి. ఫోన్ వీడియో మీద పెట్టి, బెంచీ అంచు కనిపించేలా ఆనించి, ఒక కేసు సైజ్ చేయండి. తర్వాత నెమ్మదిగా చూసుకోండి. బెంచీ పైకి లేస్తుంటే మీ చేతి బలం సగం దానికే పోతోందన్నమాట.

రెండోది: కేసు డైలో ఉండగా, హ్యాండిల్ పూర్తిగా కిందికి నొక్కి పట్టుకుని, షెల్ హోల్డర్‌కీ డై అడుగుకీ మధ్య వెనక నుంచి టార్చి వేయండి. వెలుగు కనిపించిందా? ఖాళీగా ఉన్నప్పుడు రెండూ తగులుతాయి, కేసు లోపలికి దూరేటప్పుడు ఫ్రేము రవ్వంత సాగి సందు వస్తుంది. ఆ సందు కేసు కేసుకీ మారితే భుజం కొలత కూడా మారుతుంది.

డాలస్_కొండపల్లి, ఆదివారం మధ్యాహ్నం 2.20

కొలిచాను. ముందుకీ వెనక్కీ 6 థౌలు, పక్కలకి 3. ఫిట్టర్ గారు చెప్పినట్టే ముందూ వెనకా ఎక్కువ.

వీడియో చూస్తే మతిపోయింది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక హ్యాండిల్ లాగినప్పుడల్లా ముందు అంచు కిందికి వంగుతోంది, వెనక కాళ్ళు నేల మీద నుంచి లేస్తున్నాయి. తాతగారి గరాజ్‌లో ఈ ప్రెస్ గోడకి కలిపి కట్టిన బెంచీ మీద ఉండేది. నేను ప్రెస్ తెచ్చుకున్నాను గానీ ఆ బెంచీని తేలేకపోయాను, టేపు అంటించిన అంచు పలక ఒక్కటే విప్పి తెచ్చుకున్నాను.

సందు కూడా ఉంది. ఫీలర్ గేజ్ 4 థౌలది దూరింది. కొన్ని కేసులకి 6 కూడా దూరుతోంది.

లక్ష్మి_12గేజ్ (మిన్నెసోటా), ఆదివారం 3.05

నేను ట్రాప్ షూటింగ్ (ఎగిరే మట్టి బిళ్ళల్ని షాట్‌గన్‌తో కాల్చే ఆట) కోసం 12 గేజ్ షెల్స్ చేసుకుంటాను, రైఫిల్ సంగతి తక్కువే తెలుసు. కానీ ప్రెస్ విప్పే ముందు ఒక్క మాట వినండి. రామ్ మీద, దాని కింద పేరుకున్న నల్లటి మసి అంతా కాలిన ప్రైమర్లలోది. మామూలు ప్రైమర్ మందులో లెడ్ స్టిఫ్నేట్, బేరియం నైట్రేట్, యాంటిమొనీ సల్ఫైడ్ ఉంటాయి. అంటే ఆ మసిలో సీసం ఉన్నట్టే. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదొద్దు. ఇంట్లో వాడే వాక్యూమ్ పెట్టొద్దు, అది సన్న పొడిని వెనక నుంచి గదిలోకే కొడుతుంది. తడి గుడ్డతో తుడవండి, నైట్రిల్ గ్లవ్స్ వేసుకోండి, తుడిచిన గుడ్డలు సంచిలో మూటగట్టేయండి. పని అయ్యాక చల్లనీళ్ళు, సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ చొక్కా మార్చుకున్నాకే ఇంట్లోకి వెళ్ళండి.

మా పాప నేలమీద పాకే రోజుల్లో పీడియాట్రిషన్ చేసిన మామూలు రక్తపరీక్షలో సీసం 4 వచ్చింది. పిల్లల విషయంలో సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) 2021 నుంచి డెసీలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే చూడమంటోంది. బేస్‌మెంట్‌లో నా చెప్పులకి అంటిన పొడే మెట్లెక్కి పైకొచ్చింది. అప్పటి నుంచీ ఆ గదికి వేరే చెప్పులు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే నా మాట తేలిగ్గా తీసుకోకండి.

డాలస్_కొండపల్లి, ఆదివారం 3.20

ఇద్దరున్నారు అక్కా, చిన్నవాడికి మూడేళ్ళు. రేపే గ్లవ్స్ తెస్తాను. వాడికి పరీక్ష కూడా చేయిస్తాను.

ఓరుగల్లు_పిల్లగాడు (హైదరాబాద్), ఆదివారం రాత్రి 8.40

అన్నా, మస్తు ఇంట్రెస్టింగ్ ఉంది ఈ ముచ్చట. నేను ఇక్కడ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్న. ఇసొంటి ప్రెస్ ఇక్కడ తెప్పించుకుని ఇంట్ల చేసుకోవచ్చా?

కొత్తగా_వచ్చా (ఇర్వింగ్, టెక్సస్), ఆదివారం 9.15

నేనూ అడుగుదామనుకుంటున్నా. హెచ్1బీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. కొండపల్లి అన్న ఉండేది మా పక్క ఊళ్ళోనే. శనివారాలు వచ్చి సాయం చేస్తూ నేర్చుకోవచ్చా?

మోడరేటర్_రఘు, ఆదివారం 10.00

ఇద్దరికీ కలిపి చెప్తాను, ఇది మెకానిక్ పని కన్నా ముందు తెలుసుకోవాల్సింది.

ఇండియాలో ఆయుధ చట్టం, 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. ఇంట్లో సరదాకి రీలోడింగ్ అన్న మాటే వద్దు. తమ్ముడూ, నీ ఎయిర్ పిస్టల్‌కి తూటాయే అక్కర్లేదు, పెల్లెట్ చాలు. ఆ ఆట బాగా ఆడు.

అమెరికాలో సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మే వ్యాపారం చేస్తే మాత్రం టైప్ 06 లైసెన్సు కావాలి. కానీ ఇది చదివే మనవాళ్ళలో చాలామంది వర్క్ వీసా మీద ఉంటారు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రంట్ వీసాల మీదున్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం, 18వ టైటిల్ 922(జి)(5), చెబుతుంది. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఆ చట్టంలో 'అమ్యునిషన్' అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు విడివిడిగా ఉన్నా అదే లెక్క. రేంజ్ నుంచి నాలుగు ఇత్తడి కేసులు గుర్తుగా జేబులో వేసుకొచ్చినా చిక్కే. కోర్టు కేసు పడితే వీసాకీ, రేపటి గ్రీన్ కార్డుకీ ముప్పు. ఇర్వింగ్ తమ్ముడూ, లాయరుని అడగకుండా ఎవరి రీలోడింగ్ బెంచీ దగ్గరా కూర్చోవద్దు. కోప్పడుతున్నానని అనుకోకు.

అలాగే ఎప్పటిలాగే: మందు ఎన్ని గ్రెయిన్లు వేయాలన్నది ఇక్కడ ఎవరూ రాయవద్దు. దానికి అచ్చు మాన్యువల్ ఉంది.

కొత్తగా_వచ్చా, ఆదివారం 10.25

ఖాళీ కేసుల సంగతి నాకు నిజంగా తెలీదు రఘు గారూ. చెప్పినందుకు థాంక్స్. గ్రీన్ కార్డు వచ్చాకే వస్తాను అన్నా.

డాలస్_కొండపల్లి, బుధవారం రాత్రి 11.05

తప్పకుండా రా తమ్ముడూ, ప్రెస్ ఎక్కడికీ పోదు.

ఈ రాత్రి విప్పాను. వివరంగా రాస్తున్నాను, రేపు ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ప్రైమర్లు, మందు అన్నీ గది దాటించాను. విప్పే ముందు ప్రతి పక్కనుంచీ ఫోటో తీసుకున్నాను. లింకులకి ఎడమ, కుడి అని మార్కర్‌తో గుర్తు పెట్టాను. పిన్నుల చివర సర్‌క్లిప్పులు తీస్తుంటే ఒకటి ఎగిరి పోయింది, కళ్ళద్దాలు ఉండబట్టి సరిపోయింది. పిన్నులు బయటికొచ్చాక రామ్ కిందికి జారాలి. జారలేదు. మినరల్ స్పిరిట్ పోసి పావుగంట ఆగి, చెక్క ముక్క అడ్డం పెట్టి అరచేత్తో తడితే అప్పుడు దిగింది.

దిగిన రామ్ చూస్తే మొదట నల్ల పెయింటేమో అనుకున్నాను. వేలితో రాస్తే కాటుకలా అంటింది. రెండు వేళ్ళ మధ్య నలిపితే సన్నటి గరుకు. నలభై ఏళ్ళ ప్రైమర్ మసి పాత నూనెతో కలిసి ముద్దై, ఎండిపోయింది. ఆ గరగర దీనిదే. నైలాన్ బ్రష్షు, గుడ్డలు, ఇంకో రెండుసార్లు మినరల్ స్పిరిట్. ఎమరీ పేపర్ తాకనివ్వలేదు. కింద ఉక్కు మెరుస్తూ బయటపడింది. నిలువు గీతలు నాలుగైదు ఉన్నాయి గానీ గోరుకి తగలట్లేదు.

షెల్ హోల్డర్ కూచునే గాడిలో ఇంకోటి దొరికింది. చెవిపోగు తీగంత సన్నటి ఇత్తడి రజను, వంకర తిరిగి గాడి మూలలో నొక్కుకుపోయి ఉంది. దాని వల్ల షెల్ హోల్డర్ ఒక పక్క ఎత్తుగా కూచుంటోంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో.

అన్నీ బిగించాక మళ్ళీ డయల్ గేజ్ పెట్టాను. ఫిట్టర్ గారూ, ఇక్కడే నాకు అర్థం కాలేదు. ముందూ వెనకా ఆట 6 కాస్తా 7 థౌలైంది. శుభ్రం చేస్తే పెరిగిందేమిటి?

షిప్‌యార్డ్_ఫిట్టర్, గురువారం ఉదయం 6.30

పెరగలేదు బాబూ, ఉన్నది బయటపడింది. ఆ ముద్ద సందులో కూచుని ఆట తక్కువున్నట్టు చూపించింది. మా షాపులో వాల్వ్ గ్రైండింగ్ పేస్టు అని వాడతాం, వాల్వ్‌నీ సీటునీ ఒకదానితో ఒకటి అరగదీయడానికి. నీ రామ్ ఏళ్ళ తరబడి అలాంటి పేస్టులోనే నడిచింది. తాతగారు నెలకోసారి నూనె వేశారు, మంచిదే. కానీ మసి తుడవకుండా పైన నూనె వేస్తే ఆ పేస్టు తయారయ్యేది అలాగే. ఆయన్ని తప్పు పట్టట్లేదు, నలభై ఏళ్ళలో 7 థౌలే అరిగిందంటే ఆ మనిషి యంత్రాన్ని ప్రేమగానే నడిపాడు.

బుష్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. శ్రీను గారు చెప్పింది రాత్రి ఆలోచించాను. కేసు తేలుతూ వెళ్ళి డైలో కుదురుకుంటే రామ్ ఆట పెద్ద లెక్క కాదు. కావాలంటే సైజ్ చేసిన కేసు మెడ వీ-బ్లాకు మీద తిప్పి డయల్ పెట్టి చూడు. మెడ రెండు మూడు థౌలకి మించి ఊగకపోతే బోరుని ముట్టుకోవద్దు. ఒకసారి రీమరు పెట్టాక మళ్ళీ వెనక్కి రాదు.

నూనె విషయం: రామ్‌కి పలచగా, గుడ్డతో రాసి తుడిచేసినంత. కారుతూ ఉండకూడదు. లింకు పిన్నులకి గ్రీజు, ఎందుకంటే బరువంతా అక్కడే పడుతుంది. ఎగిరిపోయిన సర్‌క్లిప్పు బదులు తీగ చుట్టొద్దు, ఆ సైజుదే కొను.

ఎడారి_శ్రీను, గురువారం 9.50

ఫిట్టర్ గారి మాటకి ఒకటి కలుపుతాను. స్ప్రే డబ్బాల్లో వచ్చే పలచటి నూనె ప్రెస్‌లో ప్రైమర్‌ని కూర్చోబెట్టే ఆర్మ్ దగ్గర కొట్టొద్దు. నూనె తగిలిన ప్రైమర్ పేలకపోవచ్చు. రామ్‌కి రాసిన చేత్తో ప్రైమర్లు పట్టుకోవద్దు.

నాది 9 ఎంఎం పోటీల కోసం నాలుగు స్టేషన్ల ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ లాగిన ప్రతిసారీ అన్ని పనులూ ఒకేసారి జరిగేది). అందులో ప్రైమర్‌ని మోసుకొచ్చే స్లైడ్ బార్ కింద ఇదే మసి చేరి, బార్ చివరిదాకా వెనక్కి వెళ్ళకుండా ఆగేది. ప్రైమర్ లేకుండానే కేసు ముందుకెళ్ళి, కాసేపటికి కింద నుంచి మందు రాలి షెల్‌ప్లేట్ (కేసుల్ని పట్టి తిప్పే పళ్ళెం) నిండా పరుచుకునేది. స్ప్రింగు మార్చాను, ట్యూబు మార్చాను, చివరికి బార్ తీసి ఆల్కహాల్‌తో తుడిస్తే అంతటితో పోయింది. అప్పటి నుంచీ డీప్రైమింగ్ (కాలిన ప్రైమర్ తీయడం) ఈ ప్రెస్ మీద చేయను. చిన్న చేతి పనిముట్టుతో, యూనివర్సల్ డీక్యాపింగ్ డై పెట్టి ముందే తీసేస్తాను. మీరూ అదే చేయండి. తాతగారి రామ్‌కి మసి చేరే దారే మూసుకుపోతుంది.

ఇక మీ ప్రైమర్లు. పైకి ఉండిపోయిన కేసుల అడుగున అచ్చు ఏముందో చూడండి. వృత్తంలో ప్లస్ గుర్తు ఉందా?

డాలస్_కొండపల్లి, గురువారం రాత్రి 10.15

ఉంది! పక్కన పెట్టిన పదకొండింట్లో తొమ్మిదింటికి ఉంది.

ఎడారి_శ్రీను, గురువారం 10.30

అది నాటో గుర్తు. సైన్యం కోసం చేసిన కేసుల్లో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ అంచుని నొక్కేస్తారు, క్రింప్ అంటారు. పాత ప్రైమర్ తీశాక ఆ అంచు లోపలికే పొడుచుకుని ఉంటుంది, కొత్తది దిగనివ్వదు. స్వేజింగ్ పనిముట్టుతో (అంచుని నొక్కి వెనక్కి తోసేది) గానీ రీమర్‌తో గానీ ఒకసారి సరిచేస్తే ఆ కేసుకి జీవితాంతం సరిపోతుంది. ప్రెస్‌ది ఏ తప్పూ లేదు. బలంగా నొక్కి దిగేలా మాత్రం చేయొద్దు. ప్రైమర్ పేలేది నొక్కుడుకే.

దిగాక వేలి కొసతో తడిమి చూడండి. అడుగు మట్టం కంటే 3 నుంచి 5 థౌలు లోపలికి ఉండాలి, గోరుకి చిన్న గుంటలా తెలుస్తుంది.

డై కూడా సరిచేసుకోండి. డై మర అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల మందం, అంగుళానికి 14 చుట్లు. ఒక చుట్టుకి 71 థౌలు దిగుతుంది, పదహారో వంతు తిప్పితే దాదాపు నాలుగున్నర. మీ సందు 4 అన్నారు కదా, అంతే చాలు. కానీ గుడ్డిగా దించకండి. మీ రైఫిల్‌లోనే కాల్చిన కేసు భుజం కొలిచి, సైజ్ చేశాక దానికంటే 2 థౌలు వెనక్కి వచ్చేలా ఆపండి. మరీ వెనక్కి నెడితే నాలుగైదు సార్లు కాల్చాక కేసు అడుగు దగ్గర సాగి తెగుతుంది. కేసు డైలో ఉండగా, హ్యాండిల్ నొక్కి పట్టుకునే లాక్ రింగు బిగించండి, డై తిన్నగా నిలబడుతుంది.

డాలస్_కొండపల్లి, మరుసటి ఆదివారం సాయంత్రం 5.40

పని పూర్తయింది. బెంచీ కాళ్ళు తీసేసి, పలకని గోడలోని స్టడ్స్‌కి లాగ్ స్క్రూలతో బిగించాను, కింద ఏటవాలు బద్దలు రెండు. తాతగారి టేపున్న అంచు పలక ముందుకి వచ్చేలా పెట్టాను. ఇప్పుడు వీడియోలో బెంచీ కదలట్లేదు.

కేసుల్ని కంపెనీ వారీగా, ఎన్నిసార్లు కాల్చానో ఆ వారీగా వేరు చేశాను. ఇది ముందే చేయాల్సింది. ఐదారు సార్లు కాల్చిన ఇత్తడి గట్టిపడి, డైలోంచి బయటికొచ్చాక వెనక్కి పొంగుతోంది. ఒకసారి కాల్చింది అలా పొంగట్లేదు. రెండూ కలిపి సైజ్ చేసి తేడా ప్రెస్‌దే అనుకున్నాను. పాతవాటికి మెడ, భుజం వరకు మాత్రమే వేడి చేసి మెత్తబరిచాను (కేసు అడుగు భాగానికి వేడి తగలకూడదు, అక్కడ మెత్తబడితే ప్రమాదం).

ఇవాళ వరసగా ఇరవై కేసులు. భుజం తేడా మొత్తం మీద థౌన్నర. మెడ ఊపు ఎక్కువలో ఎక్కువ 2 థౌలు. ఇరవై ప్రైమర్లూ గుంటలో కూచున్నాయి. రామ్‌ని ఒక్క వేలితో దించగలుగుతున్నాను. ఫిట్టర్ గారూ, బుష్ వద్దు, 7 థౌలతోనే ఉండనిద్దాం.

చిన్నవాడి రక్తపరీక్ష 1.2 వచ్చింది లక్ష్మి అక్కా. గరాజ్‌కి వేరే చెప్పులు కొన్నాం.

సాయంత్రం పక్కింటి మామ్మగారు కంచె అవతల నుంచి పిలిచారు. "ఇంకా మొదలుపెట్టలేదా, చప్పుడే లేదు" అన్నారు. లోపలికి పిలిచి చూపించాను. టేపు మీద రాత చూసి కాసేపు అక్కడే నిలబడి, దాన్ని మాత్రం తీయొద్దన్నారు.

షిప్‌యార్డ్_ఫిట్టర్, ఆదివారం 7.10

సంతోషం బాబూ. ఆ టేపు మీద రాత చెరిగిపోకుండా పైన పలచగా వార్నిష్ వెయ్యి. పక్కనే ఇంకో టేపు అంటించి "ముందు తుడువు, తర్వాత నూనె" అని తెలుగులో రాసిపెట్టు. సర్‌క్లిప్పు దొరికిందా?

డాలస్_కొండపల్లి, ఆదివారం 7.25

దొరికింది మాస్టారూ, హార్డ్‌వేర్ షాపులో. అదే సైజువి రెండు తెచ్చాను, ఒకటి సొరుగులో ఉంది.